లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) లీగల్ సబ్జెక్ట్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• ముందుగా, మీ పుస్తకం ఏ సంవత్సరం ముద్రణో చూడండి. ఐపీసీ (పాత నేరాల చట్టం, ఇండియన్ పీనల్ కోడ్) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 ఇప్పుడు 103 అయింది, మోసం 420 నుంచి 318కి మారింది. పాత పుస్తకం పారేయక్కర్లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో కొత్త నంబర్ రాసుకోండి, రెండూ గుర్తుంటాయి.

• మొత్తం 120 మార్కుల్లో 60 లా ఆప్టిట్యూడ్‌వే, అంటే ఈ లీగల్ సబ్జెక్ట్‌వే. దీన్ని చివరి వారానికి వదిలేయకండి.

• నిర్వచనాలు బట్టీ పట్టొద్దు, ఇది నేను గట్టిగా చెబుతాను. పదిహేడేళ్ల కుర్రాడు ఇల్లు తాకట్టు పెడుతూ సంతకం చేశాడనుకోండి. ఆ ఒప్పందం చెల్లుతుందా? చెల్లదు. మైనర్‌తో ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు కోర్టు) తేల్చింది. ప్రతి సూత్రాన్నీ ఇలా ఒక మనిషికి ముడిపెట్టి చదివితే పరీక్ష హాల్లో టెన్షన్ ఉండదు.

• రిట్లు (హక్కుల రక్షణకు కోర్టు ఇచ్చే ఆదేశాలు) జారీ చేసే అధికారం రాజ్యాంగంలోని ఆర్టికల్ 32 సుప్రీంకోర్టుకు, 226 హైకోర్టుకు ఇస్తాయి. ఈ జంటను చాలామంది తారుమారు చేస్తారు.

• చట్టంలో వచ్చే లాటిన్ పదాలకు చిన్న నోట్‌బుక్ విడిగా పెట్టుకోండి.