నెలనెలా మందుల ఖర్చు మోయలేకపోతుంటే

నల్లగొండ, పాలమూరు వైపు మందుల కోసమే అప్పు చేస్తున్న ఇళ్లున్నాయి. డబ్బుల్లేవని మాత్రలు మానకండి, రోజు విడిచి రోజు వేసుకోకండి. డాక్టర్‌ని బ్రాండ్ కాకుండా మందు అసలు పేరు రాయమని అడగండి, మొహమాటం వద్దు. 'జన్ ఔషధి సుగం' యాప్‌లో ఆ పేరు కొడితే ధర, దగ్గర్లోని జన్ ఔషధి కేంద్రం (సర్కారు చవక మందుల షాపు) తెలుస్తాయి. అక్కడ చాలా మందులు బ్రాండ్ ధరలో సగానికే దొరుకుతాయి. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానలోని ఎన్‌సీడీ (అంటుకోని జబ్బుల) క్లినిక్‌లో ఉచితం.

ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ముందు ఆరోగ్యశ్రీ అడగండి, పరిమితి 10 లక్షలు. అది వర్తించక సొంత డబ్బు కడితే, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీతో ఎమ్మెల్యే ఆఫీసులో సీఎం రిలీఫ్ ఫండ్‌కి దరఖాస్తు పెట్టించండి. జిరాక్సులు చెల్లవు, ఒక్క బిల్లూ పారేయకండి.