పాస్‌వర్డ్ కరెక్టే, అయినా ఫోల్డర్ తెరుచుకోదు

ఫోల్డర్ షేర్ చేయడం రాక కాదు, చేశాక రెండో కంప్యూటర్‌లో తెరుచుకోక నాకు ఫోన్లు వస్తుంటాయి. బెంగళూరు వచ్చినప్పటి నుంచి మారతహళ్లి, కేఆర్ పురం వైపు మనవాళ్ల ఇళ్లలో ఈ రిపేరు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. షేర్ బటన్ ఎక్కడుందో మీకు తెలుసనుకునే రాస్తున్నా. రెండు కంప్యూటర్లూ విండోసే అనుకుందాం.

ముందు ఒకటి తేల్చుకోండి. అవతలి కంప్యూటర్ అసలు కనబడట్లేదా, కనబడి లోపలికి రానివ్వట్లేదా? రెండూ వేర్వేరు జబ్బులు.

కనబడట్లేదు, "నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్" అంటోంది

రెండింట్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. అర నిమిషం పని, ఇది మాత్రం ఎవరూ చేయరు, నేరుగా ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను ఆపే కాపలా) మీద పడతారు. వచ్చినదాంట్లో ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ ఐపీ నంబరు, ఒకదాంట్లో 192.168.1 అనీ ఇంకోదాంట్లో 192.168.0 అనీ మొదలైతే మీ ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నట్టే. ఫైబర్ వాళ్లు పెట్టిన బాక్సుకు సొంత వైఫై ఉంటుంది, బెడ్‌రూమ్‌లో సిగ్నల్ రావట్లేదని మనం ఇంకో రౌటర్ కొని దానికి తగిలిస్తాం. అప్పుడు బెడ్‌రూమ్ లాప్‌టాప్‌లో హాల్లో ఉన్న సిస్టమ్ ఐపీ కొడితే తెరుచుకుంటుంది కానీ, అటు నుంచి ఇటు రాదు. ఇలా ఒకవైపే పనిచేస్తుంటే నేను ఇంకేమీ చూడను, రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా మొదటిదాని సిగ్నల్‌నే అందించేలా) మార్చేస్తాను. గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయినా ఇదే గొడవ.

ఐపీలు ఒకే వరసలో ఉంటే వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందేమో చూడండి. ప్రైవేట్ చేయండి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. పీజీలో నలుగురూ వాడే వైఫై అయితే మాత్రం అది పబ్లిక్‌గానే ఉండనివ్వండి, పెన్‌డ్రైవ్ వాడుకోండి.

కనబడుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏది కొట్టినా తప్పంటుంది

నా శనివారం రాత్రిని మొత్తం మింగేసింది ఇదే. పెళ్లి ఫొటోలు అక్క సిస్టమ్‌లో ఉన్నాయి, బావ లాప్‌టాప్‌లో చూడాలి. రౌటర్ రీస్టార్ట్ చేశా, ఫైర్‌వాల్ ఆపి చూశా, ఫోల్డర్ షేరింగ్ తీసేసి మళ్లీ పెట్టా. బావ అయితే "నువ్వు చదివింది కంప్యూటర్సేనా?" అనేశాడు. పదకొండు దాటాక అడిగా, "అక్కా, ఈ పాస్‌వర్డ్ నీకు ఎవరిచ్చారు?" "ఎవరివ్వడమేంట్రా, రోజూ కొట్టేదే కదా, నాలుగంకెలు."

నాలుగంకెలంటే అది పిన్. పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లను విండోస్ అడిగేది అకౌంట్ పాస్‌వర్డ్, అదీ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లోని అకౌంట్‌ది, మీ లాప్‌టాప్‌ది కాదు. అక్కకేమో సిస్టమ్ కొన్నరోజు షాపులో కుర్రాడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టి ఇచ్చాడు, అసలు పాస్‌వర్డ్ ఏంటో ఆమె ఎప్పుడూ చూడలేదు. సరే, ఫోన్‌లో పాస్‌వర్డ్ రీసెట్ చేయించా. మళ్లీ తప్పే! ఎందుకంటే కొత్త పాస్‌వర్డ్ ఆన్‌లైన్‌లో మారిందే తప్ప ఆ సిస్టమ్‌కు ఇంకా తెలియదు. లాక్ స్క్రీన్‌లో సైన్ ఇన్ ఆప్షన్స్ నొక్కి, పిన్ కాకుండా పాస్‌వర్డ్‌తో ఒక్కసారి లోపలికి వెళ్లాక పనిచేసింది.

ఇప్పుడు నేను ఆ దారినే పోవట్లేదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్‌తో సంబంధం లేని లోకల్ అకౌంట్ ఒకటి, షేరింగ్ కోసమే, విడిగా తెరుస్తాను. పాస్‌వర్డ్ ఖాళీగా వదలకూడదు, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ను విండోస్ మామూలుగా నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. తర్వాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్, గివ్ యాక్సెస్ టు, స్పెసిఫిక్ పీపుల్, అందులో ఆ ఒక్క అకౌంటే. ఇలా చేస్తే షేరింగ్ పర్మిషన్, సెక్యూరిటీ ట్యాబ్ పర్మిషన్ రెండూ ఒకేసారి పడతాయి. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోంచి ఇస్తే మొదటిదే పడుతుంది, తలుపు తెరుచుకున్నాక "యాక్సెస్ డినైడ్" అని ఇంకో టెన్షన్.

అవతల యూజర్ నేమ్ దగ్గర ఆ కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, అకౌంట్ పేరు కొట్టండి. ముందు ప్రయత్నాల్లో "రిమెంబర్" టిక్ పెట్టి ఉంటే విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేయండి, లేకపోతే విండోస్ మిమ్మల్ని అడక్కుండా ఆ పాతదే పంపుతూ ఉంటుంది.

"ఇదంతా ఎందుకు, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆపేసి ఎవ్రీవన్ పెట్టేయ్" అంటారు కొందరు. మీ వైఫై పాస్‌వర్డ్ ఎంతమంది చుట్టాలకు ఇచ్చారో గుర్తు చేసుకోండి. పైగా విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి అలా పాస్‌వర్డ్ లేకుండా వచ్చే గెస్ట్ కనెక్షన్లను మామూలుగా ఒప్పుకోవట్లేదు.

మిగతావి

యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ అడ్డుపడటం ఉంది, అరుదు. పాత హార్డ్ డిస్క్ బాక్సు కోసం ఎస్‌ఎంబీ 1 (ఫైల్ షేరింగ్‌కు విండోస్ వాడిన పాత పద్ధతి) ఆన్ చేయమంటే చేయకండి, 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై వైరస్ పాకింది ఆ పాత దాంట్లోని లొసుగు పట్టుకునే. అన్నీ సరిగ్గా ఉండి కూడా పొద్దున పనిచేసింది సాయంత్రం చేయకపోతే అవతలి సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లిందేమో చూడండి. నవ్వకండి, ఒకసారి వైట్‌ఫీల్డ్ దాకా ట్రాఫిక్‌లో పడి వెళ్లి నేను చేసిన రిపేరు మౌస్ కదపడమే.