వరికంకి మీద మంచుబొట్టు, హైవే మీద వెలుగు గీత: కెమెరా సెట్టింగులు

మంచుబొట్టును దగ్గరగా తీసే ఫోటోకీ, రాత్రి రోడ్డు మీద బళ్ల లైట్లు గీతలుగా పడే ఫోటోకీ కెమెరా ఎం మోడ్‌లోనే (అన్నీ మీరే పెట్టుకునే మాన్యువల్ మోడ్) ఉండాలి. రెండింటినీ తేల్చేది అపర్చరే (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), కానీ అది చేసే పని మాత్రం వేరు. దగ్గరి ఫోటోలో ఎంత లోతు వరకు స్పష్టంగా కనపడాలో అది చెబుతుంది. రాత్రి రోడ్డు మీద వెలుగు గీత ఎంత కాంతిగా పడాలో చెబుతుంది.

సంక్రాంతికి ముందు నెల్లూరు చుట్టుపక్కల కయ్యల్లో మంచుబొట్లు తీయాలంటే పొద్దు పొడిచేసరికే గట్టు మీద ఉండాలి. ఎండెక్కితే బొట్లు ఆరిపోతాయి, గాలీ లేస్తుంది. 90 లేదా 100 ఎం.ఎం. మాక్రో లెన్సు (బాగా దగ్గరి నుంచి తీసేది) ఉంటే సరే. లేకపోతే 50 ఎం.ఎం. లెన్సు వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సును కెమెరాకి దూరం జరిపే ఖాళీ గొట్టాలు) బిగించండి. కరెంటు కాంటాక్టులు ఉన్నవే కొనండి, అవి లేకపోతే చాలా లెన్సుల్లో అపర్చర్ మార్చలేరు.

వస్తువు సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద అసలు సైజులో పడేంత దగ్గరికి వెళ్తే, అపర్చర్ ఎఫ్/8 పెట్టినా (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా ఉండే లోతు మిల్లీమీటరు లోపే. అందుకని ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండండి. ఇంకా లోతు కావాలని ఎఫ్/22కి పోతే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గొద్దు, కంకి ఊగుతూనే ఉంటుంది. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 800, 1600కి పెంచండి. కాస్త గ్రెయిన్ (బొమ్మ మీద గరుకు చుక్కలు) వస్తే రానీండి, కదిలిన ఫోటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఆటోఫోకస్ ఇక్కడ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. దాన్ని ఆపేసి, రింగు కదపకుండా మీరే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుగుతూ ఐదారు ఫ్రేములు వరసగా తీయండి. బొట్టు స్పష్టంగా వచ్చి కంకి మసకబారితే కెమెరా ఏటవాలుగా ఉందని అర్థం, సెన్సార్‌ను కంకికి సమాంతరంగా తిప్పండి. లెన్సు ముందుండే హుడ్ నీడ పడుతుంటే దాన్ని తీసేయండి.

ఇలాగే దగ్గరగా తీసేది వెంకటగిరి చీర జరీ అయితే కదలదు కాబట్టి పని సులువు. స్టాండ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, 2 సెకన్ల టైమర్ చాలు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడితే పోగుల ఎత్తుపల్లాలు తేలుతాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే జరీ తెల్లగా కాలిపోతుంది.

ఇక వెలుగు గీతలు. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలకు కొదవ లేదు. పొద్దుగూకాక 15 నుంచి 30 నిమిషాల మధ్య తీస్తే ఆకాశంలో నీలం ఇంకా ఉంటుంది. ఐఎస్ఓ 100, ఎఫ్/11, 15 సెకన్లతో మొదలుపెట్టండి.

గీతలు మరీ తెల్లగా కాలిపోతే చాలామంది షట్టర్ సమయం తగ్గిస్తారు. దానివల్ల గీత పొట్టిదవుతుంది, కాంతి తగ్గదు. ఎందుకంటే హెడ్‌లైటు ఏ ఒక్క చోటా నిలవదు, సెన్సార్ మీద ఒక్కో చుక్కను క్షణంలో దాటిపోతుంది. కాంతి తగ్గాలంటే అపర్చర్‌ను ఎఫ్/16కి మూయాలి. గీతలు బాగుండి చుట్టూ చీకటైతే అప్పుడు సమయం పెంచండి.

దూరంగా ఉన్న సైన్‌బోర్డు మీద లైవ్ వ్యూ (వెనక తెర మీద కనపడే బొమ్మ) పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కి మార్చేయండి. స్టాండ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫోటోలో చుక్కల్ని కెమెరాయే తుడిచే పని) కూడా ఆపండి, లేకపోతే ప్రతి 15 సెకన్ల తర్వాత ఇంకో 15 సెకన్లు కెమెరా మీ చేతికి రాదు. అంతలో మంచి బస్సు వెళ్లిపోతుంది.

డివైడర్ మీద నిలబడొద్దు, ప్రాణాపాయం. ఫ్లైఓవర్ కాలిబాట మీదైతే స్తంభాలకి సరిగ్గా పైన స్టాండ్ పెట్టండి. మధ్యలో పెడితే లారీ పోయినప్పుడల్లా వంతెన అదిరి గీతలు వణుకుతాయి. రోడ్డు వెంబడి చూస్తూ నిలబడితే ఎడమవైపు వెళ్లే బళ్ల ఎర్ర గీతలు, కుడివైపు వచ్చే బళ్ల తెల్ల గీతలు పడతాయి. తెలుపే ఎక్కువ కాంతి కాబట్టి అపర్చర్ దానికే చూసుకోండి. బళ్లు తక్కువగా ఉంటే బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) కేబుల్ రిలీజు (తీగతో నొక్కే బటన్) పట్టుకుని, బస్సు ఫ్రేములోకి వచ్చేముందు తెరిచి, దాటిపోయాకే మూయండి.