బోదురుకప్పా, జెర్డాన్ కప్పా? ముందు పాదం అడుగు చూడండి

తొలకరి పడిన వారంలోనే నాకు కప్పల ఫోటోలు రావడం మొదలవుతుంది. అన్నీ పైనుంచి తీసినవే. "ఇది మామూలు బోదురుకప్ప టైగెరినస్సా, జెర్డాన్ కప్ప క్రాససా?" అని వాటి శాస్త్రీయ పేర్లతో అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పినా పాదం అడుగు మాత్రం ఎవరూ తీయరు. నమ్మదగిన గుర్తు అక్కడే ఉంది.

సమస్య: రంగు చూసి పేరు పెట్టాను, తర్వాత అనుమానం వచ్చింది

రంగుకు నిలకడ లేదు. జతకట్టే రోజుల్లో మగ టైగెరినస్ నిమ్మపండు పసుపుకు మారుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతాయి. అలా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. కానీ ఆ రంగు కొద్దిరోజుల ముచ్చటే. మిగతా కాలంలో రెండు జాతులూ మట్టిరంగులోనో ఆకుపచ్చలోనో ఉంటాయి. వెన్ను మీది లేత గీతనూ నమ్మకండి. టైగెరినస్‌లో గీత ఉన్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి.

పరిష్కారం: వెనక పాదం అడుగున, లోపలివైపు పొట్టి వేలి మొదట్లో ఒక బుడిపె ఉంటుంది. మట్టి అంటి ఉంటే కడిగి చూడండి. టైగెరినస్‌లో అది మొద్దుగా, ఆ వేలి కన్నా పొట్టిగా ఉంటుంది. క్రాసస్‌లో పలచగా, అంచు పదునుగా, చిన్న పారలా ఉండి, పొడవులో వేలికి సమానంగానో ఎక్కువగానో ఉంటుంది. నేలను తవ్వుకొని లోపలికి దిగడానికి దాని పనిముట్టు అదే.

సమస్య: పార కనిపించింది, అయినా పేరు తప్పింది

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక ఏడాది ఎర్రనేల చేను గట్టు మీద నాలుగైదు సెంటీమీటర్ల కప్పలు వరుసగా దొరికాయి. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, పాదం అడుగున చక్కటి పార. క్రాసస్ పిల్లలని రాసేసుకున్నాను. రెండు వానాకాలాల పాటు అదే పేరు రాశాను. అవన్నీ స్ఫీరోథికా, అంటే నేల తవ్వే కప్పలు. అవి పెరిగేదే అంతవరకు. వాటికీ పార ఉంటుంది, చాలా పెద్దది కూడా. బుడిపె ఒక్కటే చూసి ఆగిపోవడం నా తప్పు. ఆ నమోదులన్నీ కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.

అందుకే చిన్న కప్ప చేతికి వస్తే బుడిపె తర్వాత వేళ్ల మధ్య చర్మం చూడాలి. పాదాన్ని మెల్లగా విప్పి పట్టుకోండి. స్ఫీరోథికాలో ఆ చర్మం వేళ్ల సగం కూడా దాటదు. క్రాసస్‌లో సగం దాటి బాగా ముందుకు వస్తుంది, నాలుగో వేలి చివర మాత్రం విడిగా ఉంటుంది. టైగెరినస్‌లో దాదాపు కొసల దాకా ఉంటుంది. పాదం ముడుచుకొని ఉన్నప్పుడు తీసిన ఫోటోలో ఇవేవీ తెలియవు. ఇప్పుడు నేను కప్పను పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కిందనుంచి తీస్తున్నాను. బుడిపె, చర్మం రెండూ ఒకే ఫోటోలో వస్తాయి, కప్పనూ ఎక్కువసేపు పట్టుకోనక్కర్లేదు.

సమస్య: బుడిపె చిన్నదే, కానీ కప్ప మరీ చిన్నగా ఉంది

అది టైగెరినస్ పిల్ల కావచ్చు, పొలం గట్ల మీద తిరిగే చిన్న కప్ప ఫెజెర్వార్యా (మన దగ్గరి జాతులకు ఇప్పటి పేరు మినర్వార్యా) కావచ్చు. పొట్ట పక్కలు చూడండి. చంక నుంచి తొడ మొదలు దాకా సన్నని గీత ఉంటే ఫెజెర్వార్యా. బోదురుకప్పకు ఆ గీత ఉండదు.

ఒక్కో పాదానికి రెండేసి పారలు, ఇరుకు నోరు ఉంటే అది యూపెరోడాన్ అనే వేరే రకం కప్ప. ఇక్కడ దానితో పనిలేదు. 2012లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ తీరం నుంచి వర్ణించిన, ఈ రెండింటికీ దగ్గరి బంధువైన లిటోరాలిస్ జాతిని మన చెరువుల్లో వెతకకండి.