సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని రేపే పార్కుకి తీసుకెళ్దామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

టికెట్ బుక్ చేసే ముందు పిల్లల్ని గోడకు నిలబెట్టి టేపుతో ఎత్తు కొలవండి. హైదరాబాద్‌లోని వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కులో పిల్లల టికెట్‌కి లెక్క వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్టే అక్కర్లేదు, 140 దాటితే పెద్దవాళ్ల టికెట్టు. పెద్ద రైడ్లకు కూడా ఎత్తే చూస్తారు. మా చిన్నోడు గంట సేపు లైన్లో నిలబడి, తీరా గేటు దగ్గర కొలత కర్రకి రెండు వేళ్లు తక్కువయ్యాడు. వాడి మొహం చూడలేకపోయాను.

టికెట్ రద్దు రూల్స్ చదివాకే డబ్బు కట్టండి, రాత్రికి రాత్రి పిల్లలకు జ్వరం రావచ్చు.

రామోజీ ఫిల్మ్ సిటీ అయితే భోగికి ముందు రెండు రోజులు వద్దనే నా మాట. అది విజయవాడ హైవే మీదే ఉంది, ఊళ్లకు బయల్దేరిన కార్లన్నీ ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగా అటే వెళ్తాయి, మీరు వాటి మధ్యలో ఇరుక్కుంటే సగం రోజు రోడ్డు మీదే. పండగ రోజు మధ్యాహ్నం హైదరాబాద్‌లో రోడ్లు ఖాళీగా ఉంటాయి కానీ పార్కులో జనం తగ్గరు.

నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు ఇంటి నుంచే పెట్టుకోండి, కాటన్‌తో దిగనివ్వరు, అక్కడ కొంటే నలుగురికీ ఖర్చు.

బయటి తిండి లోపలికి రానివ్వరు, టిఫిన్ గట్టిగా తిని వెళ్లండి.

అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే వాళ్లను ముందే అడగండి, రోజంతా నడవగలరా అని.