ఒకే యాంటెన్నాకు రెండు హ్యామ్ రేడియోలు: నా అనుభవం
మేడమీది డ్యూయల్ బ్యాండ్ (రెండు పౌనఃపున్య శ్రేణులకు పనికివచ్చే) యాంటెన్నాకు 145, 435 మెగాహెర్ట్జ్ హ్యామ్ (అభిరుచి కోసం నడిపే) రేడియో సెట్లు రెండింటినీ టీ కనెక్టర్‌తో కలిపినప్పుడు, మొదటి దానిలో మాట్లాడేందుకు మీట నొక్కగానే రెండవ దానిలో వినబడుతున్న స్టేషన్ పూర్తిగా మూగబోయేది. 145ను 3తో హెచ్చవేస్తే సరిగ్గా 435 వస్తుంది కనుక మూడవ హార్మోనిక్ (అసలు పౌనఃపున్యానికి మూడు రెట్ల వద్ద వెలువడే అదనపు తరంగం) నేరుగా రెండవ రిసీవరులోకి చొరబడుతోందని, పైగా ప్రసార శక్తిలో కొంత ఆ రిసీవరునే కాల్చివేయవచ్చని గ్రహించి, టీని ఆ రోజే తీసివేశాను.

దాని స్థానంలో డైప్లెక్సర్ (రెండు బ్యాండ్ల సంకేతాలను వేరుగా ఉంచుతూ ఒకే యాంటెన్నాకు కలిపే పెట్టె) బిగించాను. అందులోని లో పాస్ ఫిల్టర్ 145ను యాంటెన్నాకు పంపుతూ హార్మోనిక్‌ను అణచివేస్తుంది. హై పాస్ ఫిల్టర్ 435కు దారి ఇచ్చి 145ను అడ్డుకుంటుంది. అయినా కొద్దిగా గరగర మిగిలింది. వెతికితే, ఒక పీఎల్-259 కనెక్టరులో కేబుల్ పైనుండే రాగి అల్లికకు సోల్డర్ అంటలేదు. గీకి శుభ్రపరచి మళ్లీ అతికించాక అదీ పోయింది. ఒకే బ్యాండులోని రెండు సెట్లకు మాత్రం ఈ పెట్టె పనికిరాదు.