చలివేంద్రం పెట్టడం తేలికే, మధ్యాహ్నం రెండింటికి కుండ నిండుగా ఉంచడమే అసలు పని

ఉగాది వచ్చిందంటే మా ఖమ్మంలో సెంటర్‌కొక చలివేంద్రం వెలుస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తారు, నాలుగు ఫొటోలు దిగుతారు, వచ్చినవాళ్లందరికీ మజ్జిగ పోస్తారు. పదిహేను రోజులాగి అటు వెళ్లి చూడండి, ఫ్లెక్సీ ఉంటుంది, పందిరి ఉంటుంది, కుండ అడుగున చచ్చిన చీమలు ఉంటాయి. మా వీధి మొదట్లో మేం నాలుగు ఎండాకాలాలుగా ఒకటి నడుపుతున్నాం. మొదటి ఏడు మాదీ అచ్చం ఇలాగే అయింది కాబట్టి ఎవరినో అనడానికి ఇది రాయడం లేదు, వచ్చే ఏడు పెడదామనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు కుండలు కొనకండి, ముందు మనిషిని వెతకండి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ పందిరి కింద కూర్చుని, వచ్చిన వాళ్లకు ముంచి పోసి, కుండ సగానికి దిగగానే నింపే మనిషి కావాలి. తలా ఒక పూట చూసుకుందామని మొదటి ఏడు పదకొండు మందిమి అనుకున్నాం, వాట్సాప్ గ్రూపులో పట్టిక కూడా వేశాం. రెండో వారానికి ఆ పట్టికలో మిగిలింది నేనూ, కిరాణా కొట్టు బాబాయీ. మే నెలలో ఒంటిగంటకు ఎవరి డ్యూటీ వాళ్లది, ఎవరి కునుకు వాళ్లది, తప్పు పట్టడానికేం లేదు. ఇప్పుడు మా వీధిలోనే ఉండే ఒక పెద్దమ్మకు నెల జీతం ఇచ్చి కూర్చోబెడుతున్నాం. సేవకు జీతం ఏంటండీ అని ఒకాయన అడిగితే, ఒక్క మధ్యాహ్నం మీరే కూర్చోండి అన్నాం, మళ్లీ అడగలేదు. పెద్దమ్మకు ఒక కుర్చీ, పక్క షాపు నుంచి లైను లాగి ఒక టేబుల్ ఫ్యాను, మధ్యాహ్నం గంటసేపు ఇంటికెళ్లి నడుం వాల్చే వీలు. ఆ గంట ఎవరు కూర్చుంటారో మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకోండి, ఎందుకంటే చలివేంద్రం పాడయ్యేది ఆ గంటలోనే.

చోటు దగ్గరికి వస్తే, మీ ఇంటి ముందు పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది గానీ అక్కడ దాహం వేసేవాళ్లు ఉన్నారా అని చూసుకోవాలి. ఆటో స్టాండు, కూలీల అడ్డా, షెడ్డు లేని బస్టాపు, పెద్దాసుపత్రి గేటు, ఇవి మంచి చోట్లు. ఒంటిపూట బడులు పన్నెండున్నరకు వదులుతారు, ఆ దారిలో పెడితే పిల్లలంతా మీ గిరాకీయే. మార్కెట్ యార్డు వైపు పెట్టేవాళ్లు ఉగాది దాకా ఆగొద్దు. తేజ రకం మిర్చి ఫిబ్రవరి నుంచే పోటెత్తుతుంది, రైతులు, హమాలీలు, తూకం వేసే దడవాయిలు ఆ ఘాటులోనే పొద్దంతా ఉంటారు, గొంతు మండిపోతున్న మనిషికి ఏప్రిల్లో ఇస్తామంటే ఏం లాభం?

చోటు కుదిరాక వెనక ఉన్న షాపాయన్ని నోటిమాటగా కాకుండా కూర్చోబెట్టి అడగండి, నీళ్లు ఒలికేది ఆయన మెట్ల మీదే. మున్సిపల్ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, ట్రాఫిక్ పోలీసులకు ఒక మాట చెప్పి ఉంచండి. ట్రాన్స్‌ఫార్మర్ కింద, వేలాడే తీగల కింద పెట్టొద్దు. ఎన్నికలుంటే బోర్డు మీద నాయకుల ఫొటోలు, పార్టీ గుర్తులు వేయించుకోకండి. 2024లో మే 13న పోలింగ్ పడింది, సరిగ్గా ఎండలు ముదిరిన రోజుల్లో ఎన్నికల కోడ్ నడిచింది, అలాంటప్పుడు ఒక్క ఫ్లెక్సీ వల్ల పందిరి మొత్తానికి తలనొప్పి. మా బోర్డు మీద 'మంచినీళ్లు' అని రాసి ఒక గ్లాసు బొమ్మ వేయించాం, అంతే.

పందిరికి తాటాకును మించింది లేదు, చల్లగా ఉంటుంది. కాకపోతే పక్కన బీడీలు కాల్చే జనం, స్టవ్వు పెట్టుకున్న టీ కొట్టు ఉంటే గ్రీన్ నెట్టు రెండు మడతలు వేసుకోవడం మేలు. కర్రలు రెండడుగుల లోతు పాతి తాళ్లతో లాగి కట్టండి. ఏప్రిల్ సాయంత్రాలు గాలిదుమారం ఎప్పుడొస్తుందో చెప్పలేం, మా రెండో ఏటి పందిరి ఎగిరిపోయి ఎదురింటి డాబా మీద దొరికింది.

ఇక కుండలు. కుమ్మరి దగ్గరికే వెళ్లి కొనండి, వేలి కణుపుతో కొట్టి చూస్తే ఖంగుమనాలి, మొద్దుగా మోగిందంటే ఎక్కడో పగులుంది. ఎర్ర కుండా నల్ల కుండా అని వాదులాడుకోనక్కర్లేదు, రంగు తేడా చాలావరకు ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, కాల్చిన పద్ధతిని బట్టి వచ్చేదే. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లు పోసి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. కుండ గోడకున్న సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు చెమ్మగా పైకొచ్చి, ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి, చల్లదనం అంతా ఆ చెమ్మలోనే ఉంది. కాబట్టి కుండకు ఆయిల్ పెయింట్ వేశారో, అది ప్లాస్టిక్ బిందెతో సమానం. చాలాచోట్ల అందం కోసమో పార్టీ రంగు కోసమో చేసే పని ఇదే, ఆ తర్వాత నీళ్లు చల్లబడడం లేదని కుమ్మరిని తిడతారు. కింద ఇసుక పోసి, దాన్ని తడుపుతూ, కుండ చుట్టూ తడి గోనె సంచి కట్టి, గాలి తగిలే చోట ఉంచండి. సబ్బుతో కడగొద్దు, కుండ పీల్చేసుకుంటుంది, కొబ్బరి పీచుతో రుద్దితే చాలు. పోయినేటి కుండ ఈ ఏడు అంత చల్లగా ఉండదు, నీళ్లలోని ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, వంద రెండొందలకు చూసుకోకుండా కొత్తవి తెచ్చుకోండి.

ఇంకో సంగతి నాకు రెండేళ్లకు గానీ తెలియలేదు. కుండ ఒక్కటే ఉంటే అది మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, అప్పుడు పోసిన నీళ్లు చల్లబడేది సాయంత్రానికి, అంటే సరిగ్గా ఎండ మండేటప్పుడు మీరు పోసేది వేడినీళ్లే. కనీసం మూడు కుండలు పెట్టండి. ఒకటి పోస్తూ ఉంటే ఒకటి సిద్ధంగా ఉండాలి, ఇంకొకటి చల్లబడుతూ ఉండాలి. చివరి కుండను రాత్రే నింపి మూతి మీద పలచటి గుడ్డ కట్టి పెడితే పొద్దున్నే అందుకోవచ్చు.

లెక్క చెప్తా, చందాలకు వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఇరవై లీటర్ల క్యాను అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు వంద. మాకు రోజుకు ఆరు క్యాన్లు, ఆరొందల గ్లాసులు. క్యాను ఇరవై రూపాయలనుకున్నా రోజుకు 120, ఉగాది నుంచి మృగశిర దాకా ఎనభై రోజులకు 9,600. వాటర్ ప్లాంటాయనకు విషయం చెప్తే రోజుకు రెండు క్యాన్లు ఊరికే వేశాడు. నీళ్ల ఖర్చు నిజానికి చిన్నది, పెద్దమ్మ జీతమే పెద్దది, అది ముందే చెప్పి చందా అడగండి. వసూలైందీ ఖర్చైందీ వారానికోసారి గ్రూపులో పెడితే గుసగుసలుండవు.

ముంచడానికి పొడవు కాడ గరిటె ఉండాలి, చెయ్యి కుండలోకి పోకూడదు. కుళాయి బిగించిన కుండలైతే ఇంకా నయం. స్టీలు గ్లాసులు పెట్టి, మూతి తగలకుండా ఎత్తి పోసుకోమని చెప్పండి. ప్లాస్టిక్ గ్లాసులు పెడితే సాయంత్రానికి డ్రైనేజీ నిండుతుంది, తిట్లూ మీకే.

మజ్జిగ రోజూ పోయాలని ఆరాటపడొద్దు, వారానికి రెండు రోజులు మంచిగా పోస్తే చాలు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, దంచిన అల్లం, కరివేపాకు, కొంచెం జీలకర్ర పొడి, ఉప్పు, చివర్లో నిమ్మకాయ. పచ్చిమిర్చి వేయకండి, ఖాళీ కడుపుతో వచ్చే కూలీలకు మంట. బీపీ ఉన్న పెద్దవాళ్ల కోసం ఒక చిన్న ముంతలో ఉప్పు లేకుండా విడిగా ఉంచితే ఎంత సంతోషిస్తారో. పొద్దున చిలికింది రెండు గంటలకల్లా అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. చల్లదనం కోసం ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు వేయొద్దు, వాటిని ఏ నీళ్లతో చేస్తారో ఎవరికీ తెలియదు, చేపల పెట్టెల్లో వేసేదీ అదే. శ్రీరామనవమి రోజు భద్రాచలం వెళ్లేవాళ్ల కోసం పానకం, వడపప్పు పెడతాం, ఆ ఒక్క రోజుకు ఈగలు కాయడానికే ఇద్దరు కావాలి. రాగి అంబలి పోసేవాళ్లూ ఉన్నారు, మా వల్ల కాలేదు.

ఒక పెట్టెలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి. లీటరు ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి ఇవ్వడం తప్పు. జ్యూసు డబ్బాల మీద కూడా ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు, హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. కొనేటప్పుడు చూసి కొనండి. ఎండదెబ్బను తేలిగ్గా తీసుకోకండి, 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. మనిషి తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి, నీడలో పడుకోబెట్టి, మెడకూ చంకలకూ తడిగుడ్డ పెట్టి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది పెద్దమ్మకు రెండుసార్లు చెప్పి, ఫోన్ నంబరు గోడ మీద పెద్దగా రాసి పెట్టాం.

గొడవలు వస్తాయి. ఐదు లీటర్ల డబ్బాలతో వచ్చి నింపుకుపోయేవాళ్లుంటారు, ఒక సీసా వరకు సరే అని నియమం పెట్టి బోర్డు మీదే రాయండి, లేకపోతే ప్రతిసారీ పెద్దమ్మ నోరు చేసుకోవాలి. కుక్కలకూ పశువులకూ పక్కన సిమెంటు గోలెం పెట్టాం, దాన్ని రెండు మూడు రోజులకోసారి బోర్లించి తోమాలి, లేదంటే దోమలకు చలివేంద్రం పెట్టినట్టవుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రెండు వారాలు చేతులెత్తేయొద్దు, చందా డబ్బులో మూడో వంతు దానికోసమే దాచిపెట్టండి. జూన్ రెండో వారంలో తీసేస్తున్నట్టయితే మూడు రోజుల ముందే బోర్డు మీద తేదీ రాయండి. మేం ఒకసారి చెప్పకుండా ఎత్తేశాం, మర్నాడు పొద్దున రోజూ వచ్చే రిక్షా తాత ఖాళీ సీసా పట్టుకుని, కర్రలు పీకిన గుంటల దగ్గర నిలబడి ఉన్నాడు.